షరతులు వర్తిస్తాయి

మన వక్తలకు తెగ నచ్చిన మాట ఒకటుంది: “ఇంగ్లండులో ఆడవాళ్లు ఓటు కోసం జైళ్లకెళ్లారు. మన దేశంలో అడగకుండానే ఇచ్చేశాం.”

ఎంత దొడ్డ మనసో! అయితే 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు వెంట మహిళా బృందం మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటెగ్యూ దొరను కలిసింది క్షేమ సమాచారాలు కనుక్కోవడానికై ఉంటుంది. ఆ తర్వాత ఓటు ఎవరికివ్వాలో తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ ఆడవాళ్లకు ఓటు వద్దంది. అడగనిదాన్ని కాదనడం కూడా ఒక విద్యే.

1921లో మద్రాసు శాసనమండలి మనసు కరిగింది. ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా ఓటు. చిన్న షరతు: ఆస్తో, పన్నో ఉండాలి. మరి కొండమీద పోడు కొట్టి సామలు, రాగులు పండించే ఆమె పేరున పట్టా ఎక్కడిది? అసలు ఆ చిక్కే రాలేదు. ఆమె ఉండే ఏజెన్సీ కొండప్రాంతం మొత్తాన్ని ‘వెనుకబడిన ప్రాంతం’ అని పక్కన పెట్టేశారు. 1935 చట్టం వచ్చి ఆ పేరు మార్చి ‘పాక్షిక మినహాయింపు ప్రాంతం’ అంది. పిలుపులో మర్యాద పెరిగింది, అంతే.

స్వరాజ్యం వచ్చాక అందరికీ ఓటు. ఇక్కడా చిన్న షరతు: పేరు చెప్పాలి. ఫలానావారి భార్యననో, తల్లిననో చెప్పిన ఆడవాళ్లను, ఎక్కువగా ఉత్తరాదిలో, సుమారు 28 లక్షల మందిని మొదటి ఎన్నికల జాబితాలోంచి కొట్టేశారు. పరాయి మగవాడి ముందు పేరు చెప్పకూడదని నేర్పింది మనమే, చెప్పలేదని కొట్టేసిందీ మనమే.

2023లో చట్టసభల్లో మూడోవంతు సీట్లన్నారు. షరతు మామూలే: ముందు జనగణన, ఆపైన పునర్విభజన, ఆ తర్వాతే మహిళలు.

ఆ ఏజెన్సీలోని అరకు లోక్‌సభ స్థానం అంతదాకా ఆగలేదు. అది ఎస్టీ సీటే గాని మహిళా సీటు కాదు. అయినా 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి గెలిచారు. మాధవి ఒక మాజీ కేంద్రమంత్రిని 2 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. 2024లో రెండో స్థానమూ మహిళదే. వెనుకబడిన ప్రాంతమంటే ఇదే కాబోలు!

ఇంకా దిగువకొస్తే పంచాయతీ. అక్కడ సగం పదవులు మహిళలవి, సగం కుర్చీలు మాత్రం ‘సర్పంచ్‌గారి భర్త’వి. ఆమె గెలుస్తుంది, దండలు ఆయన మెడలో పడతాయి. ఈ పదవి ఏ చట్టంలో ఉందని అడిగితే “పాపం, ఆవిడకేం తెలుసు” అంటారు. తెలియని మనిషికి ఊరంతా ఓట్లేసిందంటే తెలివితక్కువది ఎవరు, ఊరా?

అయ్యా, ఓటు మీరే ఇచ్చారనుకోండి, పేచీ లేదు. ఇచ్చినవారు కాస్త పక్కకు జరగండి. గెలిచినావిడ కూర్చోవాలి.