డాబా మీద లక్కిల్లు

మా బావ డాబా మీద గదిలో రంగు కొడుతున్నాడంటే వీధికి ముందు ముక్కే చెబుతుంది. ఎదురింటావిడ కిటికీ రెక్కలు మూసేస్తుంది. పిఠాపురం పాదగయకి దారి అడుగుదామని ఆగిన యాత్రికులు "ఇక్కడేదన్నా గోళ్లరంగు ఫ్యాక్టరీ ఉందాండీ?" అంటారు. మా అక్క మాత్రం పోపు వేస్తూనే, "లక్కింట్లో ఉన్నారు. అగ్గిపెట్టె పట్టుకుని ఎవరూ పైకెళ్లకండి" అని కేకేస్తుంది.

అక్క పెట్టిన పేరులో తప్పేం లేదు. బావ కొట్టే రంగుని లాకర్ అంటారు. ఆ ఇంగ్లీషు మాట మన లాక్షలోంచి, అంటే లక్కలోంచి, దేశాలు తిరిగి వెళ్లిందే. దుర్యోధనుడు పాండవులకి కట్టించిన ఇంటి సరుకు అదే. ఏటికొప్పాకలో తిరిగే కర్రకి లక్కపుల్ల ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుందే, అది అసలు లక్క. బావ వాడే సీసాల్లో ఆ లక్క చుక్క కూడా ఉండదు, రసాయనాల బంక, దాన్ని కరిగించే థిన్నరు. పేరు మనది, సీసా జపానుది. సీసాకి పది మిల్లీలీటర్లు. మా మేనల్లుడు ఒకసారి జపాన్ నుంచి ఆరు సీసాలు పెట్టెలో పెట్టుకొస్తే, మండే సరుకని ఎయిర్‌పోర్టులోనే తీసేశారు. ఆ రోజు బావ అన్నం తినలేదు. మేనల్లుడు క్షేమంగా దిగాడా అని అడగడం కూడా మర్చిపోయాడు.

బావ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇలాంటివాళ్లు మీ ఊళ్లోనూ ఒకరుంటారు. కిందకొస్తే పెద్దమనిషి, పైకెళ్తే పదేళ్ల పిల్లాడు. ప్లాస్టిక్ విమానాల ముక్కలు డబ్బాల్లో తెప్పించి, అతికించి, రంగు కొట్టడం ఆయన పని. అతికించినవి పదకొండు. డబ్బా విప్పనివి నలభై రెండు. అవి అక్క ఉప్పాడ చీరల బీరువాలో కింద అరలో, పాత దుప్పట్ల చాటున ఉంటాయి. అక్కకి తెలీదని ఆయన నమ్మకం. అక్క ఏటా దసరాకి వాటిని లెక్కపెట్టి, పెరిగినవెన్నో చూసుకుని, నోరు మెదపకుండా ఒక జాందానీ కొనుక్కుంటుంది.

రంగు కొట్టే ముందు ఆయన ముక్కుకి అటో డబ్బా ఇటో డబ్బా ఉన్న మాస్కు బిగిస్తాడు. ఆవిరి మంచిది కాదు మరి. అది పెట్టుకుని పిట్టగోడ మీంచి ఓసారి తొంగిచూస్తే, ట్యూషన్‌కొచ్చిన పిల్లలు "మాస్టారు వరాహావతారం ఎత్తేశారా" అని పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయారు.

"నీళ్లలో కలిసే రంగులుంటాయిగా, ఈ కంపెందుకండీ?" అని అక్క ఓనాడు అడిగింది. అడగాల్సింది కాదు. మా వేసవి ఎండకి నీళ్ల రంగు, దాన్ని చిమ్మే ఎయిర్‌బ్రష్ సూదిమొన మీదే ఎండిపోయి తుంపర్లు తుంపర్లుగా పడుతుందనీ, లక్క రంగైతే ప్లాస్టిక్‌ని కొద్దిగా కొరుక్కుని పట్టుకుంటుందనీ, పొర పల్చగా వస్తుందనీ, మీద టేపు వేసి పీకినా ఊడి రాదనీ గంటసేపు చెప్పాడు. ఆఖర్ని, "రంగుని పాలంత చిక్కగా కలపాలోయ్, అదీ రహస్యం" అన్నాడు.

"గేదె పాలా, ఆవు పాలా, పాకెట్ పాలా?"

బావ ఆలోచనలో పడ్డాడు. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్లంతా పాలంత, పాలంత అంటారే తప్ప ఎవడి పాలో చెప్పలేదు. ఆ రాత్రి మూడు గిన్నెల్లో మూడు రకాల పాలు పోసి, ఒంపి, అంచు మీంచి ఎలా జారుతున్నాయో చూసి, పాకెట్ పాలే అని తేల్చాడు. ఆయన లెక్క ప్రకారం ఒక వంతు రంగుకి రెండు వంతుల థిన్నరు. మిగిలిన పాలు అక్క తోడుపెట్టింది.

ఇహ తేమ సంగతి. మా కోస్తా గాలి పిండితే నీళ్లొస్తాయి. శ్రావణమాసంలో ఓ మబ్బు పట్టిన సాయంత్రం బావ నల్లరంగు కొట్టాడు. చూస్తుండగానే విమానం విభూతి పూసుకున్న జంగందేవరలా తెల్లబడింది. థిన్నరు గబగబా ఆరిపోతూ రంగుని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాల్లో తేమ వచ్చి పొరలో కూర్చుంటుంది. ఇదంతా బావ మూడు రాత్రులు చదివి తెలుసుకున్నాడు. నాలుగో రోజు, బీరువాకి రంగేయడానికి ఎంతవుతుందో చెప్పమని అక్క కబురంపిన మేస్త్రి వచ్చి, ఆ విమానాన్ని ఒక్క చూపు చూశాడు.

"వానలో కొట్టేసేరా మాస్టారూ? డ్యూకో కొట్టేవోడు ముందు మబ్బు చూస్తాడండి, తర్వాతే గన్ను పడతాడు. ఎండ కాశాక ఒట్టి థిన్నరు ఓ మోస్తరుగా చల్లండి, పోద్ది. ఆయ్."

పోయింది. బావ ఆ మేస్త్రిని కుర్చీ వేసి కూర్చోబెట్టి, తన ఎయిర్‌బ్రష్ చేతికిచ్చాడు. ముక్కు రంధ్రం 0.3 మిల్లీమీటర్లు. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేటండీ, ఇంజెక్షనా?" అన్నాడు. ఇద్దరూ గాలి ఒత్తిడి గురించీ, సూది కడగడం గురించీ చీకటిపడేదాకా మాట్లాడుకున్నారు. మేస్త్రి వెళ్లాక గుర్తొచ్చింది, బీరువా మాట ఎవరూ ఎత్తలేదని.

బీరువాకి తుప్పు పట్టి మూడేళ్లయింది. కొత్తగా నిగనిగలాడే విమానానికి బావ పనిగట్టుకుని తుప్పు దిద్దుతాడు, మసి దిద్దుతాడు, నూనె మరకలు దిద్దుతాడు. అది వారం రోజుల పని. అసలు తుప్పు కళ్లెదుట ఉంటే, బీరువా తలుపు దగ్గర టార్చిలైటు పట్టుకుని ఫొటోలు తీసుకున్నాడు. "దీన్ని ముట్టుకోకే. మాంఛి నమూనా" అన్నాడు. అక్క మొహంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

బావ అతికించే విమానాలు అసలు సైజులో 72వ వంతు. అందుకే ఈయనకి ప్రపంచమంతా 72వ వంతులో కనబడుతుంది. విశాఖ బీచ్‌లో టీయూ-142 విమానాన్ని 2017లో మ్యూజియం చేశారు కదా, పిల్లల్ని తీసుకెళ్తే పిల్లలు ముంత మసాలా తిన్నారు, ఈయన చక్రాల గూటి కింద మెడ వెనక్కి వాల్చి గంటన్నర నిలబడ్డాడు. "రెక్కల కొసకీ కొసకీ 50 మీటర్లు. మనకి 69 సెంటీమీటర్లు వస్తుంది" అన్నాడు. బీరువా అర ఎంతో అక్కకి తెలుసు. "రాదు" అంది. గయాసురుడనే రాక్షసుణ్ణీ వదల్లేదు. తల గయలో, నాభి జాజ్‌పూర్‌లో, పాదాలు మా పిఠాపురంలో. సూటిగా సుమారు 900 కిలోమీటర్ల మనిషి. డెబ్భైరెండో వంతంటే పన్నెండున్నర. కుక్కుటేశ్వరుడి గుడి దగ్గర పాదాలుంచి ఉప్పాడ వైపు పడుకోబెడితే తల సముద్రంలో తడుస్తుందట. పూజారిగారు ఇది విని, ప్రసాదం మాత్రం మామూలుగానే ఇచ్చారు.

కిందటేడాది పట్టుకున్నది కాకినాడ విమానం. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులేశారు. రియూజో అనే ఓడ మీంచి ఎగిరొచ్చారు. ఆ ఓడ మీదుండే బాంబరు నకజిమా బి5ఎన్, ముగ్గురు కూర్చునేది. మన గడ్డ మీదకొచ్చిన విమానం గనక రంగు తేడా రాకూడదని బావ పట్టు. ఆకుపచ్చే, కానీ ఏ ఆకు? అరిటాకా, గోంగూరా, ఎండిన కరివేపాకా? ఒక్కో పచ్చనీ ఒక్కో ప్లాస్టిక్ చెంచా వెనక కొట్టి దండెం మీద వేలాడదీశాడు. పదిహేడు చెంచాలు. దిష్టికి కట్టామనుకుని వీధిలో ఇద్దరు ముగ్గురు అక్కని విధానం కూడా అడిగారు.

బావ వాళ్ల బామ్మకి తొంభై దాటింది. ఆవేళకి కాకినాడలో ఏడేళ్ల పిల్ల. బాంబులు పడ్డాక వాళ్లింటిల్లపాదీ బండి కట్టుకుని ఊరొదిలేసి వచ్చారు. కళ్లారా చూసిన సాక్షి ఇంట్లోనే ఉందని బావకి ఆలస్యంగా తట్టింది. దండెం మీంచి చెంచాలన్నీ కోసుకొచ్చి మంచం పక్కన పరిచాడు.

"బామ్మా, విమానం ఏ పచ్చ?"

"పరిగెత్తేవాళ్లు రంగు చూస్తార్రా?" అందావిడ.

బావ తనే ఒకటి తేల్చుకున్నాడు. ముదురు గోంగూర. నెల్లాళ్లు పట్టింది. నిజం చెప్పాలి, అద్భుతంగా వచ్చింది. రెక్క మీద ఎర్రటి సూర్యబింబం అంచు గీసినట్టుంది, పొట్ట కింద ఇంజను మసి ముక్కుకి వాసనేస్తుందేమో అన్నట్టుంది. అరచేతుల్లో పెట్టుకుని, నైవేద్యం తెచ్చినట్టు తెచ్చి బామ్మ కళ్ల ముందు పట్టాడు. జానెడు విమానం. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, ముందూ వెనకా తిప్పించి, చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నదానికట్రా, మేం ఊరొదిలి పారిపోయొచ్చింది!"

మర్నాడు పొద్దున్నే బావ 48వ వంతు డబ్బాకి ఆర్డరు పెట్టాడు.