ముసలి ప్రాణం మీదికి తెచ్చే సలహాలు

పెద్దవంగరలోనైనా, చుట్టుపక్కల తండాల్లోనైనా ముసలివాళ్లకు సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. వాటిలో అన్నిటికంటే చెడ్డది: "రాత్రయింది, తెల్లారినంక దవాఖానకు పోదాం తియ్."

అన్నం తింటుండగా తాతకు మూతి వంకర పోయింది. చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. అది పక్షవాతం. మెదడు నాళంలో నెత్తురు గడ్డకడితే కరిగించే సూది ఉంది, కానీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే వేయాలి. ముందు సీటీ స్కాన్ కావాలి. నాళం చిట్లిన మనిషికి అదే సూది వేస్తే ప్రాణం పోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్కాన్ ఉండదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా వెళ్లాలంటే దారిలోనే గంటకు పైగా పోతుంది. ఇక తెల్లారేదాకా ఆగితే ఆ సూదికి వేళ మించిపోయినట్టే. వెంటనే 108కు ఫోన్ చేయండి. మూతి ఎన్ని గంటలకు వంకర పోయిందో గుర్తుంచుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

"పావురం నెత్తురు రుద్దు, పసరు పొయ్యి" అనేవాళ్ల మాట వినకండి. మింగలేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. మంచినీళ్లు కూడా వద్దు.

"బీపీ తగ్గింది గదా, గోలీలు బంద్ పెట్టు." తగ్గింది గోలీల వల్లనే. పక్షవాతాలకు పెద్ద కారణం బీపీయే. ఆ గోలీలు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు.

"మోకాళ్లకు సూదేయించుకో, పొద్దుగాల కూలికి పోవచ్చు." నొప్పి సూదులు మాటిమాటికీ వేయించుకుంటే కిడ్నీలు చెడతాయి, బీపీ పెరుగుతుంది. షుగరున్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. సూది వేసిన ఆర్ఎంపీని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది అతనే. ఆ వేళకు అందే వైద్యాన్ని ప్రభుత్వం ఊళ్లో పెట్టకపోవడమే అసలు తప్పు.

"ఈ వయసుల ఖర్చెందుకు బిడ్డా" అని అవ్వే అంటుంది. కొడుకుల మీద భారం పడొద్దని అనే ఆ మాటకు దయచేసి తలూపకండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు తీసేసిందీ అప్పుడే. అయినా వెంట ఉండే మనిషి తిండికీ, పోయిన కూలికీ ఏ కార్డూ డబ్బివ్వదు. చాలా ఇళ్లు వెనక్కి తగ్గేది అక్కడే. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటే ఆ ఖర్చుకు ఇంత పైకం ఇప్పుడే అవ్వ దగ్గర పెట్టండి. 108 రావడం ఆలస్యమైతే బండి తీసే పక్కింటివాళ్లెవరో ఈ రోజే అడిగి పెట్టుకోండి.