బాల్కనీల ఆయకట్టు

ఫోన్ మోగింది. అవతల తేనెలో ముంచిన గొంతు. "సార్, లేక్ వ్యూ ఫ్లాట్ చూస్తున్నారా?" ఫ్లాట్ కాదమ్మా, రోడ్డు మీద గుంతలు చూసుకుంటూ నడుస్తున్నానని చెప్పాను. ఆ అమ్మాయి వదల్లేదు. ఆరో అంతస్తుకు ఒక రేటు, పదహారుకు ఇంకో రేటు, ముప్పై ఆరుకు వేరే రేటు అంటూ అప్పజెప్పింది. పైకి పోయేకొద్దీ చదరపు అడుగు ధర పెరగడాన్ని "ఫ్లోర్ రైజ్" అంటారట. "మరి ఆరో అంతస్తు నుంచి ఏం కనపడుతుందమ్మా?" అని అడిగాను. "పక్క టవర్ సార్" అంది. పాపం కొత్తగా చేరినట్టుంది, నిజం చెప్పేసింది.

మన పెద్దలు చెరువు గురించి ముందు అడిగే మాట ఒకటే: దీని కింద ఆయకట్టు ఎంత? ఇన్ని ఎకరాల మాగాణి అని చెబితే చెరువు విలువ తేలిపోయేది. తూము విప్పడానికి నీరటి ఉండేవాడు. నిండితే మత్తడి దూకేది. ఎండితే శిఖంలో నాలుగు గింజలు పండేవి. హైదరాబాద్‌లో ఈ లెక్క ఎప్పుడో మారిపోయింది. ఇక్కడ ఆయకట్టంటే బాల్కనీలు. చెరువు ఎన్ని బాల్కనీలకు 'పారితే' ఒడ్డుకు అంత ధర. దుర్గం చెరువునే తీసుకోండి. గుట్టల నడుమ దాక్కుని ఉండేదని దాన్ని సీక్రెట్ లేక్ అన్నారు. 2020లో దాని మీద తీగల వంతెన తెరిచేనాటికే ఆ రహస్యం చుట్టుపక్కల అద్దాల మేడలన్నింటికీ తెలిసిపోయింది. ఇప్పుడక్కడ మిగిలిన రహస్యమల్లా చెరువు హద్దు ఎక్కడన్నదే.

హుస్సేన్ సాగర్‌కు ఈ యోగం 2014లోనే పట్టాల్సింది. కొత్త రాష్ట్రం వచ్చిన కొద్ది నెలలకే దాని చుట్టూ ఆకాశహర్మ్యాలు లేపుతామని అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర రావు ప్రకటించారు. అవి రాలేదు. వచ్చి ఉంటే 1992 నుంచి నీళ్ల మధ్య ప్రశాంతంగా నిలబడి ఉన్న బుద్ధుడు, పెద్దింటి పెళ్లికొచ్చిన పేద చుట్టంలా చిన్నబోయేవాడు. మేడలు రాకపోయినా ఆ ఆలోచన మాత్రం చావలేదు. నీటి చెమ్మ ఎక్కడ కనపడితే అక్కడ మళ్లీ మొలుస్తూనే ఉంది.

మొలిచే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌లో నీళ్లకు నీలం, పార్కులకు ఆకుపచ్చ, ఇళ్లకు పసుపు వేస్తారు. ఒడ్డున ఉన్న ఆకుపచ్చ ముక్క ఒక శుభముహూర్తాన పసుపు పచ్చగా మారాలనుకుంటుంది. ఊసరవెల్లి అయితే అడక్కుండానే మారిపోతుంది. ప్రభుత్వం మర్యాద తెలిసినది కాబట్టి జనాన్ని అడుగుతుంది. పేపర్లో ఒక మూల, సర్వే నంబర్ల పుట్టలో, చీమల బారంత అక్షరాలతో "అభ్యంతరాలు, సూచనలు ఉన్నవారు తెలుపవలెను" అని ఉంటుంది. ఆ ప్రకటన కంటపడటానికి భూతద్దం కావాలి, అర్థం కావడానికి తహసీల్దారు కావాలి, గడువులోగా జవాబు రాయడానికి పనీపాటా లేని రిటైర్డు మాస్టారు కావాలి. మూడూ ఒకచోట కుదిరితే ఒక అభ్యంతరం వస్తుంది. "విస్తృత సంప్రదింపుల అనంతరం" అని ఫైల్లో ఒక వాక్యం పడుతుంది.

పొరపాటున సభ పెట్టారనుకోండి, అక్కడ వినపడే వాదనలు నాకు కంఠతా వచ్చు.

మొదటిది: "పైకి కడితే కింద నేల మిగులుతుంది." వినడానికి ఎంత బాగుందో! పది అంతస్తులుగా పరుచుకునే కట్టడాన్ని నలభైకి లేపితే కింద చోటు మిగిలే మాట నిజమే. కాకపోతే మొత్తం కట్టే చదరపు అడుగులకు ఎక్కడో ఒకచోట గీత ఉండాలి. ముంబై, చెన్నైలో ఆ గీత పేరు ఎఫ్‌ఎస్‌ఐ. స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో అది చెబుతుంది. హైదరాబాద్ 2006లోనే ఆ గీతను చెరిపేసింది. ముందున్న రోడ్డు వెడల్పు చాలి, చుట్టూ వదలాల్సిన ఖాళీ వదిలితే పైన ఆకాశం మీ ఇష్టం. కాబట్టి మన ఊళ్లో పైకి కట్టడమంటే నేలను పొదుపు చేయడమని కాదు, అదే నేలను నలభైసార్లు అమ్ముకోవడమని. ఉపవాసమని చెప్పి ఇడ్లీ ప్లేటుకు బదులు ఇడ్లీ పాత్ర ముందు కూర్చున్నట్టు.

రెండోది: "సింగపూర్ చూడండి." చూశాం. మరీనా బే చుట్టూ మేడలున్నాయి. ఆ మేడలకూ నీళ్లకూ నడుమ మూడున్నర కిలోమీటర్ల నడకదారి కూడా ఉంది. జేబులో పైసా లేనివాడు కూడా దాని మీద నడిచి నీళ్లు చూడొచ్చు. మనవాళ్లు విమానమెక్కి వెళ్లి మేడల ఫొటో తెచ్చుకుంటారు, నడకదారి అక్కడే మరిచిపోతారు. సియోల్ వెళ్తే వాగు ఫొటో తెస్తారు. 2005లో ఆ వాగును మళ్లీ వెలుగులోకి తేవడానికి అక్కడివాళ్లు దాని మీదున్న ఎలివేటెడ్ రోడ్డును కూలగొట్టిన సంగతి ఇక్కడ దిగేసరికి గుర్తుండదు. కూలగొట్టడం మనకు చేతకాదని ఎవరూ అనుకోవద్దు. అయితే దేన్ని కూల్చాలన్న దగ్గర మనకూ సియోల్‌కూ అభిప్రాయభేదం ఉంది.

మూడోది: "ఎంత దూరం ఉండాలో చట్టంలో ఉంది, వదులుతున్నాం కదా!" ఉంది. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. ఈ దూరం చెరువు సైజును బట్టే, మేడ ఎత్తును బట్టి కాదు. రెండంతస్తుల ఇంటికీ ముప్పై మీటర్లే, నలభై అంతస్తుల టవరుకూ ముప్పై మీటర్లే. అంతస్తుకు మూడు మీటర్లు వేసుకున్నా టవరు ఎత్తు 120 మీటర్లు. దాన్ని చెరువు వైపు పడుకోబెడితే మోకాళ్ల నుంచి తలదాకా, అంటే 90 మీటర్లు, నీళ్లలోనే ఉంటుంది. అది పడుకోదు నిజమే. దాని నీడ మాత్రం రోజూ పడుకుంటుంది.

పైగా ఆ ముప్పై మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? ఫుల్ ట్యాంక్ లెవెల్ నుంచి. ఆ లెవెల్‌ను తేల్చేది మత్తడి. రాత్రికి రాత్రి మత్తడికి గండి కొడితే, తూము మూతపడకుండా చూసుకుంటే, చెరువు దానంతటదే వెనక్కి జరుగుతుంది. రెండేళ్లు నీళ్లు రాకపోతే అదసలు చెరువే కాదని, తాతల నాటి పట్టా భూమి అని చెప్పడానికి కాగితాలు తయారవుతాయి. మాసాబ్ ట్యాంక్‌లో ఇప్పుడు ట్యాంకెక్కడుంది? బస్సు బోర్డు మీదుంది.

సభలో అవతలి పక్షం కూడా ఉంటుంది. వాళ్లను వదిలేస్తే కలానికి పాపం తగులుతుంది. ముందు వరసలో లేచి నిలబడి "చెరువు మన తల్లి, వలస పక్షులు మన అతిథులు, ఇక్కడ ఒక్క ఇటుక పడనివ్వం" అని గొంతు చించుకునే పెద్దమనిషి ఇల్లెక్కడో ఆరా తీయండి. నాలుగేళ్ల కిందట అదే ఒడ్డున కట్టిన టవర్లో పద్దెనిమిదో అంతస్తు. ఆయన గృహప్రవేశం నాడు పక్షులన్నీ క్షేమంగానే ఉన్నాయి. ఎదుటి స్థలంలో కొత్త బోర్డు పాతిన మర్నాటి నుంచే వాటికి ప్రాణభయం పట్టుకుంది. ఫ్లోర్ రైజ్ కట్టి కొనుక్కున్న దృశ్యానికి కొత్త టవరు అడ్డొస్తుందని ఆయన బాధ. ఆయన టవరు వల్ల వెనకున్న ఊరికి కనపడకుండా పోయిన దృశ్యం గురించి ఆయనెప్పుడూ అర్జీ పెట్టలేదు.

చివరి వరసలో కంకులు కాల్చి అమ్ముకునే ఆమె ఉంటుంది. మైకు అక్కడిదాకా పోదు. వైరు చాలదు. పోయి ఉంటే ఆమె అడిగేది ఒక్కటే: "గీ బిల్డింగు కడితే నా బండి ఏడ పెట్టుకోవాలె సారూ?" బ్రోషర్లో ఆ బండి లేదు. అక్కడ విదేశీ జంట కుక్కపిల్లతో నడుస్తుంటుంది.

బ్రోషర్లో ఇంకా రెండు విషయాలుండవు. ఒకటి వాసన. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా హుస్సేన్ సాగర్‌కు ఏమేం మోసుకొచ్చాయో ఎండాకాలం సాయంత్రం నెక్లెస్ రోడ్డు మీద నిలబడితే ముక్కే చెబుతుంది. ఒడ్డు మీద ఆకాశాన్ని అమ్మడానికి ఉన్న తొందర నాలాను బాగుచేయడానికి ఉండదు. అందుకే లేక్ వ్యూ ఫ్లాట్లలో అద్దాలు మూసే ఉంచుతారు. చూడొచ్చు, పీల్చక్కర్లేదు.

రెండోది సెల్లార్. వందల ఫ్లాట్ల కార్లు ఆకాశంలో నిలబడవు కాబట్టి మేడ ఎంత పైకి పోతే గొయ్యి అంత లోతుకు పోతుంది. ఒడ్డున తవ్వితే ఊట రాక పాలు వస్తాయా? మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు నాలాలోకి తోడతారు. పై అంతస్తుల వాళ్లకు చెరువు దర్శనం, కింద కార్లకు చెరువు స్పర్శ. 2000 ఆగస్టులో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు హుస్సేన్ సాగర్ దిగువన దోమలగూడ, అశోక్ నగర్ మునిగాయి. 2020 అక్టోబరులో కాలనీల్లో పడవలు తిరిగాయి. చెరువు ఇళ్లలోకి వచ్చిందని టీవీల్లో గోల పెట్టాం. ఎవరు ఎవరింట్లోకి వచ్చారో సర్వే నంబరు చూస్తే తెలిసేది.

చట్టానికి కళ్లు లేవని అనకండి. ఉన్నాయి, పొట్టివాళ్లకు బాగా ఆనుతాయి. 2024లో మూసీ గర్భంలోని రేకుల ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీఎక్స్ అని రాశారు. నది ఒడిలో ఉన్నారు, లేచిపొండి అని దానికి అర్థం. ముంపులో ఉండటం వాళ్లకూ సరదా కాదు, చోటు మార్చాల్సిందే, అది వేరే చర్చ. నా సందేహం చిన్నది. నదికి దగ్గరగా ఒక గది ఉంటే దాని పేరు ఆక్రమణ అయింది, నలభై అంతస్తులు లేస్తే దాని పేరు రివర్ ఫ్రంట్ ఎలా అయింది? ఎన్నో అంతస్తు దగ్గర కబ్జా అభివృద్ధిగా మారుతుంది? అదేదో చెబితే పేదవాళ్లూ చందాలేసుకుని ఆ అంతస్తుదాకా కట్టుకుంటారు.

ఎత్తైన ఇళ్ల మీద నాకు కక్ష లేదు. ఊరు పెరుగుతోంది, జనం ఎక్కడో ఒకచోట ఉండాలి. మెట్రో స్టేషన్ పక్కన యాభై అంతస్తులు కట్టండి, కొబ్బరికాయ కొట్టడానికి నేనే వస్తాను. నీళ్ల అంచున మాత్రం ముందు వరస కుర్చీ ఊరిది. సినిమా హాల్లో ముందు సీట్లో తలపాగా పెట్టుకుని కూర్చుని, వెనకవాళ్లకు కూడా సినిమా బాగా కనపడుతోందని వాదించకూడదు.

ఈసారి పేపర్లో ఆ చీమల బారు కనపడితే తిప్పేయకండి. ఒక తెల్లకాగితం తీసుకుని, తెలుగులోనే, మూడు ముక్కలు రాసి పంపండి: మత్తడి ఎక్కడుందో మ్యాపులో చూపండి, నీళ్లకూ మేడకూ మధ్య అందరూ నడిచే దారి చూపండి, కంకుల బండికి చోటు చూపండి. ఈ మూడూ చూపించాకే ఎన్ని అంతస్తులో మాట్లాడదాం. హుస్సేన్ సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 513.41 మీటర్లు. జోన్ ఏ రంగులోకి మారినా, వానాకాలంలో నీళ్లు మాత్రం ఆ అంకెనే చూసుకుంటాయి.