హాన్‌కౌ రేవులో పంటు

నన్ను లాంచీ అనుకునేవాళ్ళే ఎక్కువ. గబగబా దిగివచ్చి, రెయిలింగు పక్కన చోటు చూసుకుని, ఫోన్లో వీడియో మొదలుపెట్టి, "ఇంకా కదలదేం?" అని చుట్టూ చూస్తారు. నేను కదలను. ఒడ్డుకీ లాంచీకీ మధ్య నీళ్ళమీద తేలే ఇనుప పంటుని నేను. ర్యాంపు మీదుగా నా మీదికొచ్చి నిలబడతారు, లాంచీ ఆనుకోగానే అందులోకి మారిపోతారు. నాకు తెలిసిన లోకమంతా ఆ నిలబడ్డ పది నిమిషాల్లో చూసిందే.

చైనా మధ్యభాగంలో వూహాన్ మహానగరం, అందులో హాన్‌కౌ ఒడ్డు, పాత కస్టమ్స్ భవనం గడియారం గంటలు వినపడేంత దగ్గరలో నా చోటు. ఆ భవనం 1924 నాటిది. నాకంత వయసు లేదు. 1980లలో ఒక యార్డులో రేకులు అతికి, రంగు పూసి, నన్ను నీళ్ళలోకి తోశారు. లోపలంతా బోలు గదులు. ఒకదాంట్లోకి నీరు దూరినా మిగతావి తేల్చి ఉంచాలని అలా కడతారు. పక్కలకి పాత లారీ టైర్లు, మూలలకి లంగరు గొలుసులు. అందం సంగతి అడక్కండి.

వూహాన్ అని ఒకే పేరు పెట్టారు గానీ నిజానికి ఇవి మూడు ఊళ్ళు. యాంగ్‌ట్సీకి అవతలి ఒడ్డున వూచాంగ్, ఇవతల హాన్‌కౌ, హాన్‌యాంగ్. ఈ రెండింటి మధ్య నుంచి హాన్ నది వచ్చి పెద్ద నదిలో కలుస్తుంది. సముద్రం నుంచి వెయ్యి కిలోమీటర్లు ఎదురెక్కి స్టీమర్లు ఇక్కడిదాకా వచ్చేవి. 1861లో హాన్‌కౌని విదేశీ వర్తకానికి తెరిచాక ఇంగ్లీషువాళ్ళు, రష్యన్లు, ఫ్రెంచివాళ్ళు, జర్మన్లు, జపానువాళ్ళు ఒడ్డు పొడుగునా వాటాలు వేసుకుని మేడలు కట్టారు. తేయాకుని ఇటుకలుగా నొక్కి రష్యాకి పంపే ఫ్యాక్టరీలు ఉండేవి. ఆ మేడల్లో కొన్ని ఇప్పుడు కాఫీ షాపులు. పెళ్ళి ఫోటోల కోసం వచ్చే జంటలకి వాటి గోడలే కావాలి.

1906లో పీకింగ్ (ఇప్పటి బీజింగ్) నుంచి రైలు హాన్‌కౌ దాకా వచ్చి ఆగింది. దక్షిణాన కాంటన్ (ఇప్పటి గువాంగ్‌జౌ) నుంచి వేసిన లైను 1936లో పూర్తయి, ఎదురుగా వూచాంగ్ దాకా వచ్చి అదీ ఆగింది. మధ్యలో కిలోమీటరుకి పైగా నీళ్ళు. 1937లో రైలు పెట్టెల్నే పెద్ద పడవలకెక్కించి దాటించే ఏర్పాటు చేశారు. ఒక్కొక్క పెట్టెనూ ఎక్కించాలి, అవతల దింపాలి, మళ్ళీ తగిలించాలి. పొగమంచు పడితే అంతా బంద్. రైలు ఆగాక మనిషి ఏం చేస్తాడు? ఆకలేస్తే తింటాడు, చీకటిపడితే పడుకుంటాడు, సరుకుకి గోదాము వెతుక్కుంటాడు, మోయడానికి కూలీని మాట్లాడుకుంటాడు. ఈ ఊరిని తొమ్మిది రాష్ట్రాల కూడలి అని ఎప్పటినుంచో పొగుడుతారు. పొగిడేవాళ్ళంతా కలిసే దారుల లెక్క చెబుతారు. నా మటుకు నాకు ఊరిని పెంచింది తెగిన దారి. నదిదగ్గర ఆగక తప్పని జనమే ఇక్కడి హోటళ్ళనీ సత్రాలనీ అంగళ్ళనీ పోషించారు. పంటు మాటలు పంటులాగే ఉంటాయనుకోండి, నాకేం బాధ లేదు.

మా రేవు నుంచి ఎగువకి చూస్తే పెద్ద వంతెన కనిపిస్తుంది. 1957 అక్టోబరు 15న తెరిచారు. యాంగ్‌ట్సీ మీద రైలూ రోడ్డూ రెండూ పోయేలా కట్టిన మొదటి వంతెన అదే. సోవియట్ ఇంజనీర్లు వచ్చి సాయం చేశారు. హాన్‌యాంగ్ వైపు తాబేలు కొండ మీదా, వూచాంగ్ వైపు పాము కొండ మీదా దాని చేతులు ఆనించారు. పైన బస్సులు, కింద రైళ్ళు. కవులు తరతరాలుగా పాడిన పసుపుకొంగ గోపురం పాత చోటుని ఆ వంతెనే మింగేసింది. గోపురం అంతకుముందే, 1884లో, కాలిపోయింది లెండి. ఇప్పుడు టికెట్టు కొని ఎక్కుతున్నది 1985లో కాస్త ఎడంగా, లిఫ్టుతో సహా, కట్టింది. వంతెన పడ్డాక బీజింగ్ బండి ఇక్కడ దిగాల్సిన అవసరం లేకుండా నేరుగా దక్షిణానికి పోవడం మొదలైంది. దాని మీద నాకు కోపం లేదు. ఉన్నా దానికి లెక్కలేదు.

అయినా రైలు దాటింది గానీ ఊరివాళ్ళలో చాలామంది వంతెన మీద దాటలేదు. ఇల్లు వూచాంగ్‌లో, ఉద్యోగం హాన్‌కౌలో. చాలా ఏళ్ళపాటు మామూలు మనిషికి లాంచీయే గతి. నేను వచ్చిన కొత్తలో పొద్దున్న పూట నామీద నిలబడ్డవాడికి చెయ్యెత్తి ముక్కు గోక్కునే వీలుండేది కాదు. సైకిళ్ళు భుజానికెత్తుకునేవాళ్ళు. 1995లో రెండో వంతెన తెరిచారు, జనం కాస్త పలచబడ్డారు. 2008 డిసెంబరులో నది కింద కార్ల సొరంగం. 2012 డిసెంబరు 28న మెట్రో రెండో లైను నది అడుగునుంచి దూసుకుపోయింది. జియాంగ్‌హాన్ రోడ్‌లో ఎక్కి జీయూచియావ్‌లో దిగడం, మధ్యలో నది ఉందన్న సంగతే తెలియదు. మా లాంచీకి పావుగంట పడుతుంది. ఇంకేముంది, నన్ను పాత ఇనుముకి అమ్మేస్తారనే అనుకున్నాను.

అమ్మలేదు. ఎందుకో ఒకరోజు ఒక తెలుగు నాన్న అడిగాడు. ఈ ఊళ్ళో మెడిసిన్ చదవడానికి మన పిల్లలు చాలామందే వచ్చారు. కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఆయన ర్యాంపు దిగుతూనే తాళ్ళకేసి, టైర్లకేసి చూశాడు. లాంచీని చూసే చూపులోనే రేవు తెలిసినవాడని పోల్చుకున్నాను. (భాష ఎలా తెలిసిందంటారా? రేవులో ఉన్నదానికి అన్ని భాషలూ వస్తాయి.)

"ఇంత మెట్రో పెట్టుకుని ఇంకా లాంచీలెందుకమ్మా వీళ్ళకి?"

"అటు చూడండి నాన్నా," అంది ఆ అమ్మాయి. కరెంటు స్కూటర్లు వరసగా నిలబడి ఉన్నాయి. హెల్మెట్లు తియ్యకుండానే ఫోన్లు చూసుకుంటున్నారు. "వాటిని మెట్రోలోకి రానివ్వరు, సొరంగంలోకీ రానివ్వరు. పైగా ఇది చవక."

ఆయన తలాడించి, 1900లో హేవలాక్ వంతెన పడేదాకా కొవ్వూరులో రైలు దిగి గోదావరి దాటి రాజమండ్రి చేరాల్సి వచ్చేదని పెద్దవాళ్ళ కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మాయి వినడం లేదు, మెసేజ్ పెట్టుకుంటోంది. నేను విన్నాను. ఇంతలో లాంచీ వచ్చింది. ఆయన మాట ఆపి చూశాడు, చూడాల్సిందే కూడా. సరంగు నేరుగా నామీదికి రాడు. నన్ను దాటి కాస్త ఎగువకి పోయి, ముక్కు ప్రవాహానికి ఎదురుపెట్టి, ఇంజను తగ్గించి, మిగతాది నదికి వదిలేస్తాడు. నీరే లాంచీని పక్కకి తెచ్చి నా టైర్లకి ఆనిస్తుంది. కళాసీ విసిరిన తాడు గూటానికి రెండు చుట్లు పడుతుంది. రబ్బరు ఒక్కసారి కీచుమంటుంది, గేటు తెరుచుకుంటుంది, స్కూటర్లు ముందు. "మనవాళ్ళూ అంతే," అన్నాడు ఆయన, కూతురితో కాదు, ఎవరితోనో.

పొద్దున్నపూట వచ్చేవాళ్ళ చేతుల్లో కాగితపు గిన్నెలుంటాయి. రగాన్‌మియెన్. ముందురోజు ఉడికించి నూనె పట్టించి ఆరబెట్టిన నూడుల్స్‌ని వేడినీళ్ళలో ఒక్క ముంచు ముంచి తీసి, పైన నువ్వుల ముద్ద, ఉల్లికాడ, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు వేసిస్తారు. రసం ఉండదు. వెంటనే కలపకపోతే గడ్డకడుతుంది. అందుకని నామీద నిలబడి అందరూ పుల్లలతో తిప్పుతూనే ఉంటారు. ఈ ఊళ్ళో పొద్దున తిండి కూర్చుని తినేవాడు తీరికున్నవాడని అర్థం. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి ముద్దకి నోరు పొడిబారి నీళ్ళసీసా వెతుక్కుంటారు. రెండోనాటికి అలవాటు పడతారు. నా రేకుల సందుల్లో నువ్వుల వాసన ఎన్ని వానలకీ పోలేదు.

చక్రాల పెట్టె లాక్కుంటూ చెమటతో వచ్చేవాళ్ళు వేరే రకం. వూహాన్ స్టేషన్ అన్నాక ఊరి మధ్యలో ఉంటుంది కదా అని వాళ్ళ ధీమా. ఇక్కడ పెద్ద స్టేషన్లు మూడు: హాన్‌కౌ, వూచాంగ్, వూహాన్. మొదటి రెండూ పేరున్న ఊళ్ళోనే ఉన్నాయి. మూడోది మాత్రం అవతలి ఒడ్డున, ఎక్కడో శివారులో. 2009 డిసెంబరు 26న గువాంగ్‌జౌకి హైస్పీడు రైలు మొదలైంది అక్కడినుంచే. పదిగంటల పైచిలుకు ప్రయాణం మూడు గంటలకి వచ్చింది. అంత వేగంగా పోయే రైలుని అందుకోవడానికి ముందు ఊరికి అడ్డంగా గంట పడుతుంది. టికెట్టు మీద పేరు రెండుసార్లు చదవండి. వూహాన్ అని ఉంటే లాంచీ సరదా మానుకుని మెట్రో రెండో లైను ఎక్కి, హోంగ్‌షాన్ స్క్వేర్‌లో దిగి నాలుగో లైనుకి మారండి. విమానాశ్రయానికైతే అదే రెండో లైను, ఎదురు దిక్కున చివరిదాకా. నామీద నిలబడి కంగారుపడితే రైలు ఆగదు.

2020 జనవరి 23 పొద్దున పదింటికి కరోనా వల్ల అన్నీ ఆగాయి. లాంచీలు, మెట్రో, బస్సులు, స్టేషన్లు, విమానాశ్రయం. ఆగడం గురించి ఇందాక పెద్ద కబుర్లు చెప్పాను గానీ ఆ ఆగడం వేరు. గూటాలకి తాడు పడలేదు, ర్యాంపు గేటుకి తాళం. పది రోజులకల్లా ఎయిరిండియా విమానాలు రెండు వచ్చి మన విద్యార్థుల్నీ, శిక్షణకని వచ్చిన ఆంధ్రా ఇంజనీర్లనీ ఢిల్లీకి తీసుకుపోయాయట. ఏప్రిల్ 8న ఊరి తలుపులు తీశారు. దానిగురించి ఇంతకన్నా మాట్లాడటం ఇక్కడివాళ్ళకీ ఇష్టముండదు.

నది గురించి చెబితే అర్థమవుతుంది నేనెందుకున్నానో. నిలకడగా ఉండే కాంక్రీటు రేవు ఇక్కడ పనికిరాదు. చలికాలానికీ వానాకాలానికీ నీటిమట్టం పది మీటర్లకు పైగా తేడా వస్తుంది. నీటితోబాటు నేనూ లేస్తాను, దిగుతాను. మావాళ్ళు గొలుసులు వదులుతూ బిగిస్తూ ఉంటారు. 1954లో హాన్‌కౌ దగ్గర నీరు 29.73 మీటర్లకి వచ్చింది, అదే ఇప్పటికీ రికార్డు. నేను చూసింది 1998 ఆగస్టు, 29.43 మీటర్లు. ఎప్పుడూ తలెత్తి చూసే గట్టుని అప్పుడు తలెత్తకుండానే చూశాను. గట్టుమీద ఇసుకబస్తాలు, రాత్రంతా టార్చిలైట్లతో కాపలా.

మామూలు ఏడాదిలో మాత్రం నాకు వానాకాలమే ఇష్టం. జనవరిలో నేను అడుక్కి దిగిపోయి ఉంటాను. ర్యాంపు నిటారుగా ఉంటుంది, ముసలివాళ్ళు రెయిలింగు వదలరు, చక్రాల పెట్టెలు యజమానికన్నా ముందే నాదగ్గరికి వచ్చేస్తాయి. జులైకి ర్యాంపు దాదాపు చదునవుతుంది. జులై 16న ఈత పోటీవాళ్ళు ఒడ్డునుంచి ఒడ్డుకి నది ఈదుతారు, అదీ చూడొచ్చు. కాబట్టి సామానుతో వచ్చేటట్టయితే జులైలో రండి. ఎండకి చొక్కా మాత్రం పిండుకోవాల్సి వస్తుంది, ఒకటి అదనంగా తెచ్చుకోండి.