అదుగో నరసాపురం!

సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠ గోదావరి అవతల నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. కళ్లజోడు సరైనదైతే ఎవరి డాబా మీద ఎవరి చీర ఆరేశారో కూడా చెప్పేయొచ్చు. వెళ్లాలంటే మాత్రం పంటు రావాలి. మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, చేపల గంపలు, పెళ్లివారు, అందరినీ ఒకే బల్ల మీద నిలబెట్టి దాటించే పడవ అది. కారులో వచ్చిన హైదరాబాదు ఆసామికి ఓపిక తక్కువ. అద్దం దించి, "రోడ్డు మీద వెళ్లలేమా?" అంటాడు.

"ఎందుకెళ్లలేరండీ, ఆయ్! రాజోలెళ్లి, చించినాడ వంతెనెక్కి, పాలకొల్లు మీంచి వచ్చెయ్యండి. ఈలోగా మేం అటెళ్లి భోంచేసి ఓ కునుకు తీస్తాం."

కోనసీమలో దారి అడిగితే చెప్పనివాళ్లుండరు. వెటకారానికి విడిగా డబ్బులు తీసుకోరు.

జిల్లాగా కోనసీమ పుట్టింది 2022లో. ద్వీపంగా మాత్రం ఎప్పటినుంచో ఉంది. ఓ పక్క గౌతమి, ఓ పక్క వశిష్ఠ, నడిమధ్య వైనతేయ, కింద బంగాళాఖాతం. ఇక్కడ కిలోమీటర్లు అడిగేవాడు కొత్తవాడు. పాతవాడు "ఎన్ని రేవులు?" అంటాడు.

రైలు ఎక్కొచ్చు కదా అంటారా? అది పెద్ద కథ. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో రైలు మార్గం వేశారు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. ఎక్కడో హిట్లరుకు కోపమొస్తే ఇక్కడ ద్రాక్షారామం వెళ్లే ముసలమ్మకు రైలు పోయింది. మళ్లీ పట్టాలు పడింది 2004లో. యుద్ధం ఆరేళ్లలో ముగిసిందిగానీ పట్టాలు తిరిగి రావడానికి అరవై నాలుగేళ్లు పట్టింది. కోటిపల్లి నుంచి గౌతమి దాటి అమలాపురం మీదుగా నరసాపురం దాకా మార్గం పొడిగించాలని లోక్‌సభ స్పీకరుగా ఉండగా బాలయోగి గట్టిగా పట్టుబట్టారు. మంజూరైంది, శంకుస్థాపన అయింది. ఆయన 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. నదిలో స్తంభాలు లేచాయి. వాటి మీద కొంగలు మాత్రం టిక్కెట్టు లేకుండా, వేళకు, హాయిగా కూర్చుంటున్నాయి.

గౌతమి దాటితే యానాం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో ముప్ఫై చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి. భాష మనదే, యాస మనదే, సర్కారు మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి. 1929లో బ్రిటిషువాళ్లు శారదా చట్టం తెచ్చి బాల్యవివాహాలు కుదరవంటే, చుట్టుపక్కల పెద్దమనుషులు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వచ్చి తాళి కట్టించి వెళ్లేవారట. సరిహద్దు దాటడానికి ఇప్పుడు వేరే కారణాలున్నాయి. సాయంకాలం తిరిగొచ్చే మోటారు సైకిళ్ల డిక్కీలు గలగలమనడాన్ని బట్టి అవేమిటో ఊహించుకోవచ్చు.

వరదొచ్చిందంటే యానాం రేవులో ఇంకో గలాటా. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది వచ్చే చేప పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టినవాడు ఎవరి పుస్తెలో చెప్పలేదు. అది మగవాడి సామెతని అనుమానం. వేలంలో ఒక్క చేప వేలల్లో పలుకుతుంటే పట్నం అల్లుడు నోరెళ్లబెట్టి చూస్తాడు. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసను పులసని చెప్పి అంటగట్టేవాళ్లూ లేకపోలేదు. అత్తగారు మాత్రం చేపను చేత్తో ఎత్తి, మొప్ప విప్పి చూసి, "ఇది గోదాట్లో ఈదలేదు బాబూ, లారీలో ఈదింది" అని తేల్చేస్తుంది. అసలుదైతే మట్టిదాకలో చింతపండు, బెండకాయలు వేసి సన్నని సెగ మీద పులుసు పెట్టి మర్నాటి దాకా ముట్టనివ్వదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఎట్టకేలకు పంటు దిగి నరసాపురం చేరినవాళ్లు ఓ సెల్ఫీ తీసుకుని వెనక్కి తిరుగుతారు. అన్యాయం. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లికను ఇక్కడి ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని, కబుర్లు ఆపకుండా, సూది వంక చూడకుండా అల్లేస్తారు. అది విదేశాలకు పోతుంది. 'ఏదో ఖాళీ టైములో' అని ఇంట్లో మగవాళ్లు తీసిపారేసే ఈ పని మీద మరియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త 1982లో ఏకంగా పుస్తకమే వేసి, ఆ ఖాళీ టైము ఎంత గొడ్డు చాకిరో లెక్కగట్టింది. ఆ సంగతి అరుగు మీదివాళ్లకు ముందే తెలుసు.

నీళ్లు దాటడంలో అసలు మొనగాళ్లను చూడాలంటే కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు పోవాలి. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభలెక్కి వస్తారు. గంగలకుర్రు వాళ్ల దారికి కౌశిక కాలువ అడ్డం. వంతెన కోసం వాళ్లెవరికీ అర్జీ పెట్టరు. వెదురుతో కట్టి, రంగుబట్టలు చుట్టిన ఎత్తైన ప్రభను భుజాలకెత్తుకుని, పీకల్లోతు నీళ్లలో దిగి, వాలిపోకుండా అవతలి గట్టెక్కిస్తారు. అక్కణ్ణుంచి పచ్చని వరిచేల మీదుగానే నడక. చేను తొక్కించుకున్న రైతు దండం పెడతాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఈ ప్రభలే శకటమై ఢిల్లీ కర్తవ్యపథ్‌లో నున్నటి రోడ్డు మీద జారుకుంటూ పోయాయి. టీవీలో చూసి గంగలకుర్రు పెద్దాయనెవరైనా పెదవి విరిచి ఉంటే తప్పు పట్టలేం: "బాగానే ఉందండీ, ఆయ్... కానీ కాలవేదండీ?"