వెనక ఇంజిన్ ఉంది!

మేట్టుపాళయంలో రైలింజిను ముందుండి లాగదు, వెనకనుంచి తోస్తుంది. పళ్ల పట్టాల మీద కూనూరు కొండెక్కేదాకా నీలగిరి రైలుది అదే పద్ధతి. కాబట్టి ఈ ఊళ్లో తరాలుగా స్థిరపడ్డ నాయుళ్ల ఇళ్లలో, ఫోనులో చెస్ ఆడే మామయ్య ఓడిన ప్రతిసారీ "వాడి వెనక ఇంజిన్ ఉంది" అంటే స్థలమహిమ అని సరిపెట్టుకోవచ్చు. ఆయన ఇంజిన్ మాత్రం చెస్ ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాము. కానీ ఈ మామయ్య ఒక్క మేట్టుపాళయం సొత్తు కాదు. మదురైలోనూ హనుమకొండలోనూ డల్లాస్‌లోనూ ఉన్నారు. గెలిస్తే ఫోను ఇంటిల్లిపాదికీ చూపిస్తారు. ఓడితే కళ్లజోడు సర్దుకుని, ప్రత్యర్థి ఏ దేశమో చూసి, ఖాతా ఎప్పుడు తెరిచాడో చూసి, రిపోర్ట్ కొట్టి, ఆ తర్వాతే కాఫీ ముట్టుకుంటారు. ఆయన నిజాయితీలో లోపం లేదు. జన్మలో ఒక్క ఎత్తు దొంగిలించి ఎరుగరు. చిక్కల్లా ఆయన చూపే సాక్ష్యాలతోనే. అవి ఎదుటివాడి మోసం కన్నా ఈయన ఆటనే ఎక్కువగా బయటపెడతాయి.

వాటిలో ఆయనకు అత్యంత ప్రియమైనది ఖచ్చితత్వ శాతం. "పద్నాలుగొందల రేటింగువాడికి తొంభై ఆరు శాతమా?" అంటారు. ఆ శాతం కట్టేది కంప్యూటరే. వాడి ఎత్తులు దాని ఎత్తులకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి చెబుతుంది. పదో ఎత్తులో మామయ్య మంత్రిని ఊరికే వదిలేస్తే, దాన్ని కొట్టడానికి ఇంజిన్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఆపైన వాడు ఏది జరిపినా మంచి ఎత్తే అవుతుంది. ఆ తొంభై ఆరులో సగం మార్కులు వేసింది ఈయనే. ఇక రేటింగ్ తేడా, తనకన్నా తక్కువవాడు ఎలా గెలిచాడని. రేటింగులు కట్టే ఎలో లెక్క ప్రకారం 200 పాయింట్లు తక్కువున్నవాడికి కూడా సుమారు నాలుగాటలకు ఒక పాయింటు రావాలి. రాకపోతేనే అనుమానించాలి. ప్రతి ఎత్తుకూ ఒకే సమయం తీసుకున్నాడన్నది మాత్రం కాస్త ఆలోచించదగ్గదే, అయితే ఒక్క ఆటతో తేలేది కాదు.

మరి మోసాలు జరగడం లేదా అని మామయ్య నిలదీస్తారు. జరుగుతున్నాయి. 2021 జూన్‌లో కరోనా విరాళాల కోసం పెట్టిన ఆన్‌లైన్ ఆటలో విశ్వనాథన్ ఆనంద్ మీద నెగ్గిన వ్యాపారవేత్త నిఖిల్ కామత్, కంప్యూటర్ సాయం తీసుకున్నానని ఆ వెంటనే ఒప్పుకున్నారు. కానీ ఊళ్లో దొంగలున్నారన్నది దారిన పోయేవాణ్ణి కట్టేయడానికి ఆధారం కాదు. నిజంగా పట్టేవాళ్లు ఒకడి ఆటలు చాలా చూస్తారు, గెలిచినవీ ఓడినవీ కలిపి. మామయ్య చూసేది ఒకే ఒక్క ఆట, అదీ తాను ఓడింది. తనకే ఏనాడో తొంభై ఎనిమిది వస్తే దాని పేరు ‘ఫామ్’.

ఇది చిన్న ఆటగాళ్ల జబ్బు అనేస్తే మామయ్యకు అన్యాయం చేసినట్టే. 1997లో డీప్ బ్లూ చేతిలో ఓడిన కాస్పరోవ్ యంత్రం వెనక మనిషి ఉన్నాడేమోనని అనుమానించాడు. 2006లో ఎలిస్తాలో జరిగిన ప్రపంచ టైటిల్ పోటీలో తొపలోవ్ మేనేజరు దనైలోవ్, క్రామ్నిక్ మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్తున్నాడని ఫిర్యాదు చేశాడు. అది చాలక అతని ఎత్తులు ఫ్రిట్జ్ ప్రోగ్రాముతో ఎంత శాతం కలిశాయో లెక్కలు ప్రకటించాడు. అచ్చం మామయ్య పద్ధతే. క్రామ్నిక్ ఒక ఆట పోగొట్టుకుని కూడా టైటిల్ గెలిచాడు. అంత పడ్డ మనిషి 2023లో, నకమురాకు ఆన్‌లైన్‌లో 46 ఆటల్లో 45.5 పాయింట్లు ఎలా వచ్చాయని తానే సందేహం లేవదీశాడు. మోసమేమీ కనబడలేదని ఆ ఆటలు జరిగిన సైటువాళ్లు తేల్చారు. ఏళ్ల తరబడి వేలాది ఆటలు, అందులోనూ తనకన్నా తక్కువవాళ్లతో ఆడేవాడికి అలాంటి వరస ఎప్పుడో ఒకప్పుడు తగలడంలో వింతేముంది?

ఈ తర్కం మామయ్యకు తెలియదనుకోకూడదు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో మన తెలుగు కుర్రాడు, చెన్నై గుకేశ్, డింగ్ లిరెన్ మీద ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు, డింగ్ కావాలనే ఓడాడేమో విచారించమని రష్యా చెస్ సమాఖ్య అధ్యక్షుడు ఫిలాతోవ్ అన్నాడు. అప్పుడు చూడాలి మామయ్యను! పద్నాలుగో ఆట, ఆఖరి ఘట్టం, గడియారం తరుముతుంటే ఎంతవాడికైనా చెయ్యి జారుతుందనీ, రుజువు లేకుండా నింద వేయడం పాపమనీ పూటంతా వాదిస్తారు. ఒక్క మాట కూడా తప్పు కాదు. ఆ న్యాయం పక్కనున్న సిరుముగై నుంచో సావోపౌలో నుంచో తన మంత్రిని కొట్టినవాడికి కూడా వర్తిస్తుందా అని అడిగితే మాత్రం, "అది వేరే, వాడి వెనక ఇంజిన్ ఉంది" అంటారు.