డాక్టరు గారి బండి

ఏటా సెప్టెంబరు 5న నాకో శాలువా కప్పుతారు. నేను కూడా ఆ రోజు నాకు చదువు చెప్పినవాళ్లందరికీ ఫోన్లు చేసి దండాలు పెట్టుకుంటాను. ఆ వరసలో ఒక్క గురువును మాత్రం మరిచిపోయాను. ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పినా నాకు అబ్బని జ్ఞానాన్ని ఇరవై నిమిషాల్లో ప్రసాదించి, గురుదక్షిణగా 4 లక్షల 10 వేలు మాత్రమే పుచ్చుకున్న పాత కార్ల కన్సల్టెన్సీ అన్నా, ఈసారి శాలువా నీకే.

నా సంగతి నీకు తెలిసిందే. ఇల్లు ఉప్పల్లో, బడి భువనగిరిలో. అప్ అండ్ డౌన్ 80 కిలోమీటర్లు. బస్సులో నిలబడి, ఆటోలో వేలాడి, నారపల్లి దాకా ఏళ్ల తరబడి కట్టీకట్టని ఫ్లైఓవర్ పిల్లర్ల కింద దుమ్ము మింగి విసిగిపోయాక, ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుందామనుకున్నాను. చిన్నది కావాలి. పెట్రోలు తక్కువ తాగాలి. దారిలో ఆగిపోతే ఘట్‌కేసర్ మెకానిక్ కూడా విప్పి బిగించగలగాలి. ఇంతే నా కోరిక. ఎంత అల్పుడినో చూడు. ఆ అల్పత్వం నుంచి నన్ను ఉద్ధరించింది నువ్వే.

మొదటిరోజు నీ షెడ్డులో బండ్లన్నీ పెళ్లికూతుళ్లలా మెరుస్తున్నాయి. "ఇది డాక్టర్ సాబ్ బండి సార్. సింగిల్ హ్యాండ్. ఆదివారం ఆదివారం గుడికి తప్ప బయటికి తియ్యలె" అన్నావు. పక్క బండి ఎవరిదంటే అదీ డాక్టరుదే. దాని పక్కదీ అంతే. మన ఊళ్లో ఇంతమంది డాక్టర్లున్నారనీ, అందరూ ఇంత భక్తిపరులనీ, మిగతా ఆరు రోజులూ ఆస్పత్రికి నడిచే వెళ్తారనీ నీ దగ్గరికి రాకపోతే తెలిసేదే కాదు. లోకంలో కాంట్రాక్టర్లూ, ట్రావెల్స్ వాళ్లూ, రాత్రిళ్లు పబ్బుల నుంచి వచ్చే కుర్రాళ్లూ కూడా కార్లు నడుపుతారు గానీ, పాపం వాళ్లెవరూ తమ బండ్లు అమ్ముకోరు కాబోలు.

నీ మహిమల్లో మొదట చెప్పుకోవాల్సింది వయసు తగ్గించే విద్య. ముసలితనం మీద పడ్డాక యయాతి కొడుకుల్ని ఒక్కొక్కరినే బతిమాలుకోవాల్సి వచ్చింది. చివరికి పూరుడు ఒప్పుకుంటే గానీ యవ్వనం దక్కలేదు. నీకా బతిమాలుకోవడాలు లేవు. డ్యాష్‌బోర్డు కింది ప్లగ్గుకు అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తగిలించి, కప్పులో టీ చల్లారేలోపు లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండిని 42 వేలకు దించేస్తావు. ఎవరి యవ్వనమూ లాక్కోలేదు, ఎవరికీ శాపం పెట్టలేదు. అహింసా మార్గం.

ఆ కటాక్షం మీటరు దగ్గరే ఆగిపోయింది, అదొక్కటే కొరత. బ్రేకు పెడల్ మీది రబ్బరు గీతలన్నీ అరిగి అరికాలులా నున్నగా ఉంది. స్టీరింగు తోలు లేచింది. డ్రైవరు సీటు అంచు నలిగి కుంగింది. టైరు పక్కన 1423 అని నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2023లో పద్నాలుగో వారంలో పుట్టిన టైరు. బండేమో 2017ది. గుడికి మాత్రమే వెళ్లే బండికి 42 వేలలోపే టైర్లెందుకు మారాయని అడగాలి కదా. నేను లెక్కల సారును. నాలుగంకెలు చదవలేకపోయాను. కంపెనీ సర్వీసు సెంటరులో బండి ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో రాసి ఉంటుంది, వెళ్లి అడుగుదామా అంటే, "డాక్టర్ సాబ్‌కు కంపెనీ మీద నమ్మకం లేదు సార్, బయటనే చేయించిండు" అన్నావు. ఎంత జాగ్రత్తపరుడో అని ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

నీ అతిథి మర్యాద గురించి చెప్పకపోతే కళ్లు పోతాయి. నేను మూడుసార్లు వచ్చాను, మూడుసార్లూ బండి బానెట్ వెచ్చగా ఉంది. చుట్టం వచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలనే ఇల్లాలి లాంటి మనసు నీది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేస్తేనే దాని దగ్గూ ఆయాసమూ బయటపడతాయనీ, సైలెన్సరులోంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందనీ మెకానిక్ తర్వాత చెప్పాడు. అంత చలిలో నన్ను నిలబెట్టడం నీకు ఇష్టం లేకపోయింది, అంతేగా.

మిగతా బండ్లకు నువ్వు చేసిన ఉపకారాలు కూడా నా కళ్లతో చూశాను. ఒకటి బెజవాడ నుంచి వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అది కూడా మడుగులో దుర్యోధనుడిలా జలస్తంభన చేసినట్టుంది. సీటు కింది పట్టాలు తుప్పుపట్టాయి. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనిపించింది. నీ భీముడు మాత్రం గద పట్టుకుని రాలేదు, మల్లెపూల వాసన సీసాతో వచ్చాడు. ఇంకోటి జరాసంధుడు. ముందు సగం ఒక బండిది, వెనక సగం ఇంకో బండిది, మధ్యలో జర అనే రాక్షసికి బదులు వెల్డింగు. కిటికీ అద్దాల మూలన ముద్రించిన సంవత్సరాలు ఒక్కో తలుపుకు ఒక్కోలా ఉన్నాయి. మూడోది ఢిల్లీ డీజిలు. అక్కడ పదేళ్లు నిండిన డీజిలు బండి రోడ్డెక్కకూడదని 2018లో సుప్రీంకోర్టు అన్నాక, అలాంటి వృద్ధులకు నువ్వు ఆశ్రమం తెరిచావు. ఎన్ఓసీ తేవడం, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టడం, టీజీ నంబరు వేయించుకోవడం వంటి సేవా భాగ్యమంతా కొనేవాడికే వదిలేశావు. పుణ్యం ఒక్కడివే మూటగట్టుకోవు నువ్వు.

ఇవన్నీ చూసి కూడా నేను చిన్న కారే అడిగాను. అప్పుడు నువ్వు నన్ను ఎగాదిగా చూసి, "మీ పర్సనాల్టీకి చిన్న కారేంది సార్! స్కూల్లో పిల్లలేమనుకుంటరు? అదే పైసలకు పెద్ద బండే ఇస్త" అన్నావు. ముప్పై ఏళ్ల సంసారంలో మా ఆవిడకు దొరకని నా మర్మం నీకు ముప్పై సెకన్లలో దొరికింది. మనిషి కారు కొనేటప్పుడు సీటు మీద కూర్చునేది అతను కాదు, అతని గురించి నలుగురూ అనుకునేది. ఆ నలుగురి కోసమే నేను 4 లక్షల 10 వేలు లెక్కపెట్టాను.

లెక్క గుర్తొచ్చింది కనుక చెబుతాను. నెలకు 22 రోజులు, రోజుకు 80 చొప్పున 1,760 కిలోమీటర్లు. లీటరుకు 20 ఇచ్చే చిన్న కారైతే 88 లీటర్లు. నీ డాక్టరు గారి పెద్ద బండి ఇచ్చేది 13, కాబట్టి 135 లీటర్లు. అప్పటి ధర లీటరు 107 రూపాయల చొప్పున నెలకు 5 వేలు తేడా. బడి నడిచే పది నెలలకు 50 వేలు. మూడేళ్లు నడిపితే లక్షన్నర. చిన్న కారుకు ఇంకో లక్ష ఎక్కువ పోసినా అది తనంతట తానే తిరిగొచ్చేది. దీనికి తోడు బీబీనగర్ దగ్గర గూడూరు టోలు ఉంది. 2025లో 3 వేల రూపాయలున్న 200 ట్రిప్పుల పాసు ఏడాదిలో నాకు రెండుసార్లు అయిపోయి మూడోది పడుతుంది. నారపల్లి గుంతలకు పోయిన షాకబ్జర్లు, అరిగిన క్లచ్ ప్లేట్లు, పెద్ద బండి కనుక పెద్ద ధరలు. ఐదో తరగతి లెక్క ఇది. నల్లబోర్డు మీద వేసి ఉంటే నా పిల్లలు నవ్వుతూ చేసేవాళ్లు. నువ్వు వేయనివ్వలేదు. "నెలకు ఈఎంఐ ఎంతొస్తదో జూడు సార్, అంతే" అన్నావు. లెక్కను ఇంత తేలిక చేసిన పంతులు మా బడిలో ఎవరూ లేరు.

కాగితాల విషయంలో నీ వైరాగ్యం గురించి కూడా రాయాలి. ఆస్తి ఎవరి పేరున ఉంటే ఏమిటి, అంతా మిథ్య అనే స్థితికి చేరావు నువ్వు. ఖాళీ ఫారం 29, ఫారం 30 మీద ఎవరివో సంతకాలు పెట్టించి కట్టగా పెట్టుకున్నావు. ఆర్సీ నా పేరుకు మారడానికి మూడు నెలలు పట్టింది. అడిగినప్పుడల్లా "సర్వర్ డౌన్ ఉంది సార్" అన్నావు. బండి కొన్న 14 రోజుల్లో బీమా కూడా మన పేరుకు మార్పించుకోమని చట్టం చెబుతోంది. ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, వాళ్లే బాధ్యులు అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. నా చేతిలో బండి, ఎవరి నెత్తి మీదో బాధ్యత. ఆ మూడు నెలలూ నేను రోడ్డు మీద నడిపింది వేదాంతాన్ని.

ఆ వేదాంతం మధ్యలోనే పాత చలాన్లు తెలిశాయి. నంబరు కొట్టి చూస్తే పదకొండు బాకీ ఉన్నాయి. గుడి దారిలో ఒక్కటీ లేదు. అన్నీ శంషాబాద్ ఎయిర్‌పోర్టు దారిలో, తెల్లవారుజామున మూడింటికి, అతివేగం. మా డాక్టరు గారికి ఎమర్జెన్సీ కేసులన్నీ విమానాల్లోనే వచ్చేవేమో అనుకున్నాను. మెకానిక్ నంబరు ప్లేటు చుట్టూ గోకి చూసి నవ్వాడు. కింద పసుపు రంగుంది. ట్యాక్సీ! అంటే నువ్వు చేసింది మామూలు పని కాదు. పీతాంబరం కట్టి ఊరూరా తిరిగే సన్యాసిని ఆపి, తెల్ల పంచె కట్టించి, మళ్లీ గృహస్థును చేశావు.

నాకు ఆ మెకానిక్ అంటేనే చిరాకు. రసం తెలియని మొద్దు మనిషి. బండిని చూసి అందం గురించి ఒక్క మాట అనడు. కింద దూరతాడు, ఆయిల్ మూత తీసి వాసన చూస్తాడు, గుంతల రోడ్డు మీదే నడుపుతానంటాడు, చాసిస్ నంబరు ఆర్సీతో పోల్చి చూస్తాడు, రంగు కింద వెల్డింగును వేలితో తడుముతాడు. "ముందుగాల తెచ్చుంటే వెయ్యి రూపాయలకు మొత్తం చూసి చెప్తుంటి గద సార్" అన్నాడు. వెయ్యి రూపాయల చదువంటే ఎవరు లెక్కచేస్తారు? విద్య విలువ ఫీజును బట్టే కదా తెలిసేది.

ఏడాదిన్నర తిరగకుండానే నా జీతానికి ఆ పర్సనాల్టీ మోయడం కష్టమైపోయింది. బండి నీ దగ్గరికే తెచ్చాను. మీటరు 68 వేలు చూపిస్తోంది. "సార్, 2025 సెప్టెంబర్ల కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దింపిండ్రు. పాత బండ్ల రేటు పడిపోయింది. రెండున్నర కంటే ఒక్క రూపాయి రాదు" అని దేశ ఆర్థిక పరిస్థితి వివరించావు. సరే, నీ షెడ్డులోనే పెట్టి అమ్మిపెట్టమన్నాను.

పది రోజుల తర్వాత రమ్మని ఫోన్ చేశావు. బండి తళతళలాడుతోంది. మీటరు 49 వేలు. పక్కన ఇరవై ఐదేళ్ల కుర్రాడు, చేతిలో టిఫిన్ డబ్బా సంచి. రోజూ బీబీనగర్ పోయి రావాలట, మైలేజీ కావాలట, బడ్జెట్ తక్కువట. జీఎస్టీ సంగతి నువ్వు ఆ అబ్బాయికి చెప్పలేదు. పసివాడికి ఆర్థికశాస్త్రం ఎందుకులే అనుకుని ఉంటావు. "మన సార్ బండే తమ్మీ. లెక్కల సార్. బడికి పోవుడు, ఇంటికొచ్చుడు, అంతే. గీత గూడ పడలె" అన్నావు.

నేను నోరు తెరిచాను. నువ్వు అతని వెనక నిలబడి ఐదు వేళ్లు చూపించావు. ఇంకో 50 వేలు. నోరు మూసుకున్నాను.

కుర్రాడు నా వైపు తిరిగాడు. నా విద్యార్థుల్లో ఒకడిలాగే ఉన్నాడు. సారు అబద్ధం చెప్పడన్న నమ్మకం వాడి ముఖం నిండా ఉంది. "నిజంగ మంచి బండేనా సార్?" అని అడిగాడు.

గురువు పక్కన ఉండగా శిష్యుడికి మాటలకు కొరతేముంటుంది?

"కళ్లు మూసుకుని తీసుకో బాబూ," అన్నాను. "నేను డాక్టరు గారి దగ్గర కొన్నాను."